విశాఖ, తిరుపతి, హైదరాబాద్: మూడు జూలు, అక్కడ పుట్టే పిల్లల సంగతి

ఈసారి సెలవుల్లో మా ఇంట్లో ఓటు జూలకే పడింది. నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను, మా అమ్మాయి డిగ్రీలో అదే చదువుతోంది. ఊరికే పులిని, ఏనుగును చూసి రావడం కాకుండా, అక్కడి జంతువులు ఎలా ఉన్నాయి, వాటికి పిల్లలు ఎందుకు పుట్టిస్తున్నారు, పుట్టినవి ఎటు పోతాయి అన్నది గమనించాలనుకున్నాం. రాజమండ్రి నుంచి బయల్దేరాం కాబట్టి ముందు విశాఖ.

విశాఖలో ఇందిరాగాంధీ జూ దాదాపు 625 ఎకరాలు. ఒకవైపు కంబాలకొండ అడవి, ఇంకోవైపు సముద్రం. హైవే వైపు, సాగర్‌నగర్ బీచ్ వైపు రెండు గేట్లున్నాయి. మేం మద్దిలపాలెంలో ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగా ఉంది, వేణ్నీళ్లు టైముకి వచ్చాయి, కానీ రాత్రంతా లారీల హారన్లే. నిద్ర ముఖ్యమనుకునేవాళ్లు రుషికొండ వైపు చూసుకోవడం మంచిది. జూకి మాత్రం పొద్దున్నే, గేటు తీసే వేళకే వెళ్లండి. ఎండెక్కితే జంతువులు నీడకు పోతాయి, పోవాలి కూడా.

ఇక్కడ నేను ముఖ్యంగా చూడాలనుకున్నది రేచుకుక్కల్ని, అంటే అడవి కుక్కల్ని. కేంద్ర జూ ప్రాధికార సంస్థ వీటి సంరక్షణ సంతానోత్పత్తి బాధ్యతను అప్పగించింది ఈ జూకే. ప్రపంచం మొత్తం మీద అడవుల్లో మిగిలిన ఎదిగిన రేచుకుక్కలు 2,500 కన్నా తక్కువని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య అంచనా. మన నల్లమలలోనూ ఉన్నాయి. ఒక మగదాన్ని, ఒక ఆడదాన్ని తెచ్చి కలిపితే సరిపోయే జాతి కాదిది. గుంపుగా బతుకుతాయి. సాధారణంగా గుంపులో పెద్ద జంటే పిల్లల్ని కంటుంది, మిగతావి ఆ పిల్లలకు తిండి కక్కి పెడతాయి, బొరియ దగ్గర కాపలా కాస్తాయి. కాబట్టి గుంపు కుదరాలి, తవ్వుకోవడానికి మట్టి ఉండాలి, మనుషుల గోల ఉండకూడదు. దగ్గరి రక్తసంబంధం ఉన్నవాటిని జతకట్టకుండా వంశావళి పుస్తకం రాసుకుంటూ, వేరే జూల నుంచి కొత్త జంతువుల్ని తెచ్చుకోవాలి.

మేం చూసినప్పుడు రెండు రేచుకుక్కలు పొద వెనక నుంచి తలలు మాత్రమే బయటపెట్టాయి. రాగి రంగు ఒళ్లు, గుండ్రటి చెవులు. మా పక్కన ఎవరో ఈల వేసి పిలిస్తే అక్కడున్న పెద్దాయన, చాలా ఏళ్ల నుంచి కీపరుగా పనిచేస్తున్నవాడు, వచ్చి ఆపాడు. "అలా పిలవకండి బాబూ, అవి మాట్లాడుకునేది ఈలతోనే. వాటిమానాన వాటిని ఉండనీండి." నిజమే, రేచుకుక్కలు గుంపులో ఒకదాన్నొకటి ఈలలాంటి కూతతో పిలుచుకుంటాయి. ఈ సంగతి తెలిసిన మనిషి అక్కడ ఉండటం నాకు చాలా నచ్చింది.

విశాఖలోనే తెలుసుకోవాల్సిన ఇంకో సంగతి సర్కస్ సింహాలది. పులులు, సింహాలు, ఎలుగుబంట్లు, చిరుతలు, కోతులతో ఆటలు ఆడించకూడదని 1998లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వును 2001లో సుప్రీంకోర్టు సమర్థించింది. అలా విడుదలైన జంతువుల కోసం పెట్టిన పునరావాస కేంద్రాల్లో విశాఖ, తిరుపతి కూడా ఉన్నాయి. ఆ సింహాల్లో చాలావాటిలో ఆఫ్రికా, ఆసియా రక్తం కలిసిపోయింది. వాటికి పిల్లలు పుడితే గుజరాత్ గిర్ అడవిలోని ఆసియా సింహాల జాతికి ఉపయోగం లేదు, పైగా నష్టం. అందుకని సంతానం కలగనివ్వకుండా, తిండీ వైద్యం చూసుకుంటూ, చివరిదాకా పోషించడమే ఆ కేంద్రాల పని. నా దృష్టిలో ఇది చాలా గౌరవించాల్సిన నిర్ణయం. ఒక తరం అక్కడితో ఆగిపోతుందని తెలిసీ ఆ తరాన్ని బాగా చూసుకోవడం తేలికైన పని కాదు.

తిరుపతి వెళ్లే దారిలో ఒక ప్రైవేటు పక్షుల పార్కులో ఆగాం. పేరు చెప్పను. టికెట్ కాక, మకావ్ చిలకను భుజం మీద పెట్టి ఫొటో తీయడానికి వేరే డబ్బు. మా అమ్మాయి భుజం మీద పెట్టబోయిన నీలం, పసుపు మకావ్‌కు రొమ్ము మీద ఈకలు లేవు, చర్మం కనిపిస్తోంది. "ఈకలు రాలే కాలం మేడమ్" అన్నాడు అక్కడి కుర్రాడు. తల మీద ఈకలు మాత్రం నిండుగా ఉన్నాయి. సొంత ముక్కు తన తలకు అందదు కాబట్టి, పక్షి ఈకలు పీక్కుంటోందంటే తల ఒక్కటే మిగులుతుంది. ఒంటరితనం, ఏమీ తోచకపోవడం, టెన్షన్ దీనికి పెద్ద కారణాలు. మకావ్‌లు జీవితాంతం జంటగా, మందగా బతికేవి. రోజంతా ఒక భుజం మీద నుంచి ఇంకో భుజం మీదికి మారుస్తుంటే ఇంకేమవుతుంది? 2022 సవరణతో వన్యప్రాణి చట్టంలో ఇలాంటి విదేశీ జాతుల నమోదు కూడా చేరింది. ఫొటో తీయించుకోకుండా వచ్చేశాం. పిల్లలతో వెళ్లేవాళ్లు అలాంటి చోట ఆగకండి, ఆగినా ఫొటోకి మాత్రం డబ్బు ఇవ్వకండి.

తిరుపతి శ్రీవేంకటేశ్వర జూ 1987 నుంచి ఉంది. శేషాచలం కొండల కింద, విశాలం విషయంలో మిగతా రెండూ దీని ముందు చిన్నవే. బస్టాండు దగ్గర గది తీసుకుంటే ఆటోలో త్వరగా చేరొచ్చు, శని ఆదివారాల్లో మాత్రం ముందే బుక్ చేసుకోవాలి. మంగళవారం సెలవు. నడక ఎక్కువ, పెద్దవాళ్లుంటే బ్యాటరీ బండి ఎక్కించండి. చోటు ఉంటే చాలా సమస్యలు వాటంతటవే తగ్గుతాయని ఇక్కడ తెలుస్తుంది. ఇరుకులో ఉన్న జంతువు ఒకే గీత మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. అలా తిరుగుతున్నప్పుడు జనం "భలే చురుగ్గా ఉంది" అనుకుంటారు గానీ, అది ఒత్తిడికి గుర్తు. చుక్కల జింకలది వేరే బాధ. పుట్టడానికి ఏ సాయమూ అక్కర్లేదు, మంద పెరిగిపోతుంది. మగవాటిని విడిగా ఉంచడం దాదాపు ప్రతి జూకీ తప్పని పని.

హైదరాబాద్‌కి ఎక్కువ టైమ్ ఉంచుకోండి. నెహ్రూ జూ 1963లో తెరిచారు, మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాలు, సోమవారం సెలవు. వారానికొక రోజు మూసి ఉంచడం నిబంధన, జంతువులకు కూడా మన ముఖాల నుంచి విశ్రాంతి కావాలి. చార్మినార్ వైపు గది తీసుకుంటే ఆటోలో దగ్గరే, కానీ సాయంత్రం ట్రాఫిక్‌కి సిద్ధపడాలి. నిశాచర జంతువుల ఇంట్లో పగలే చీకటి, రాత్రి వెలుతురు. అందుకే దేవాంగ పిల్లి (పేరుకే పిల్లి, ఇంగ్లీషులో స్లెండర్ లోరిస్) మనం వెళ్లిన టైముకి మెలకువగా ఉంటుంది.

అందరికీ తెలియాల్సింది మూషిక జింకల కథ. మూడు కిలోల బరువు, కొమ్ములుండవు, మగదానికి చిన్న కోరలు, రాత్రిపూట తిరిగే పిరికి జంతువు. 2010లో హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన వన్యప్రాణి ప్రయోగశాల లాకోన్స్, జూ, అటవీ శాఖ కలిసి ఆరింటితో సంతానోత్పత్తి మొదలుపెట్టాయి. అత్తాపూర్‌లోని ఈ లాకోన్స్‌దే, 2006లో కృత్రిమ గర్భధారణతో చుక్కల జింక పిల్లను పుట్టించిన ఘనత కూడా. మూషిక జింకల సంఖ్య వందలు దాటాక, 2017 నుంచి వాటిని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదలడం మొదలైంది. ఒక్కసారిగా వదిలేయరు. అడవిలోనే కంచె వేసిన చోట కొంతకాలం ఉంచి, అక్కడి ఆకు, పండు, వాసన అలవాటయ్యాక కంచె తీస్తారు. పెంపక కేంద్రంలోకి సందర్శకుల్ని రానివ్వరు. మా అమ్మాయి కొంచెం నిరాశపడింది, నాకు మాత్రం అదే సరైనదనిపించింది. 2021 మేలో ఇదే జూలో ఎనిమిది ఆసియా సింహాలకు కరోనా సోకిందని తేలింది. అదృష్టం కొద్దీ అన్నీ కోలుకున్నాయి. మన జబ్బులు వాటికి అంటుకుంటాయని తెలిశాక దూరం విలువ తెలుస్తుంది.

అదే జూలో జనం మూగేది మాత్రం తెల్లపులి దగ్గర. అది వేరే జాతి కాదు, మామూలు బెంగాల్ పులే, ఒక అంతర్గత జన్యువు (తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ వస్తేనే బయటపడేది) వల్ల ఆ రంగు. 1951లో ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని రీవా దగ్గర పట్టుకున్న మోహన్ అనే పులిని దాని కూతురితోనే జతకట్టించి ఈ రంగును నిలబెట్టారు. ఆ రంగు కోసం దగ్గరి రక్తాన్నే కలుపుతూ పోవడంతో మెల్లకన్ను, వెన్ను వంకర లాంటివి చాలావాటిలో వచ్చాయి. ఏ అడవిలోనూ వీటికోసం చోటు ఎదురుచూడటం లేదు. ఉన్నవాటిని చల్లగా చూసుకోవాలి, కొత్తవాటిని ఇలా పుట్టించడం మానాలి. జూలో పిల్లలు పుట్టాయని పేపర్లో వార్త వస్తే నేనిప్పుడు ముందు చూసేది ఏ జాతి, ఏ అడవికి అని.

వెళ్లే ముందు ఒక పని చేయొచ్చు. హైదరాబాద్, విశాఖ జూలలో జంతువుల్ని దత్తత తీసుకునే పథకం ఉంది, డబ్బు వాటి తిండికి పోతుంది. పులి, సింహం పేర్లే అందరికీ ముందు గుర్తొస్తాయి. మీరు వెళ్తే ఆఫీసులో రేచుకుక్కకో, మూషిక జింకకో ఎంతవుతుందో అడగండి. మేం అడిగాం, మా బడ్జెట్‌లోనే వచ్చింది.