ఆగుంబే: రెండు రోజుల టూరా, వానాకాలం కాపురమా, వానలయ్యాక వెళ్లడమా?

మనవాళ్లలో ఆగుంబే చూసినవాళ్లు చాలామందే ఉంటారు, కాకపోతే చూసింది పావుగంట. శృంగేరి, హొరనాడు, ఉడుపి, కొల్లూరు అని టెంపో ట్రావెలర్ మాట్లాడుకుని బయల్దేరితే, శృంగేరి నుంచి ఉడుపి దిగే దారిలో ఘాట్ మొదలయ్యే చోట డ్రైవర్ బండి ఆపి "సన్‌సెట్ పాయింట్ సార్, పదిహేను నిమిషాలు" అంటాడు. దిగి, ఎదురుగా సున్నం కొట్టిన గోడలా ఉన్న మంచుని చూసి, రెండు ఫొటోలు తీసుకుని ఎక్కేస్తారు. మొదటిసారి అమ్మానాన్నలతో నేనూ అలాగే చూశాను. రెండోసారి ఆఫీసు వాళ్లతో జులైలో ఒక వీకెండ్. మూడోసారి మాత్రం జూన్ మొదటి వారంలో వెళ్లి సెప్టెంబర్ చివరిదాకా ఉండిపోయాను, వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని. ఆ తర్వాత నవంబర్‌లో ఇంకోసారి.

ఇన్నిసార్లు వెళ్లాక నాకు తేలింది ఇదీ: వాన చూడాలనుకునేవాళ్లు రెండు రోజులకు వెళ్లొద్దు, చేతిలో రెండు రోజులే ఉన్నవాళ్లు వానలో వెళ్లొద్దు. మనవాళ్లు సరిగ్గా దీనికి రివర్స్‌లో వెళ్తారు.

ఊరి సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. కర్ణాటకలో శివమొగ్గ జిల్లా తీర్థహళ్లి తాలూకాలో, పశ్చిమ కనుమల అంచు మీద, సముద్ర మట్టానికి సుమారు 640 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న ఊరు. ఎత్తు పెద్దదేం కాదు, మన అరకు ఇంతకంటే ఎత్తు. కానీ అరేబియా సముద్రం నుంచి వచ్చే మబ్బుకి దారిలో మొదట తగిలే గోడ ఇదే, ఢీకొని పైకి లేచి చల్లబడి అక్కడే కుమ్మరిస్తుంది. ఏడాదికి సగటున ఏడు వేల మిల్లీమీటర్లు దాటుతుంది. 1946 ఆగస్టులో ఒక్క నెలలో 4,508 మిల్లీమీటర్లు పడిందని రికార్డు. హైదరాబాదులో ఏడాది మొత్తం మీద పడేది 800, 900 మధ్య, అంటే మన ఏడాది వాన అక్కడ జులైలో రెండు వారాలకి సరిపోదు. అడవి కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది, ఏడాదంతా పచ్చగా, మధ్యాహ్నం పన్నెండింటికి కూడా లోపల సాయంత్రం అయిదులా.

ఇక జులై వీకెండ్. శుక్రవారం రాత్రి బస్సెక్కితే బెంగళూరు, అక్కణ్ణుంచి శివమొగ్గ, అక్కణ్ణుంచి ఇంకో తొంభై కిలోమీటర్లు, చేరేసరికి శనివారం మధ్యాహ్నం దాటింది. బర్కణ జలపాతం వ్యూ పాయింట్ చూద్దామనుకున్నాం, ఆ సీజన్‌లో అటవీ శాఖ పర్మిషన్ లేదు. మేం బుక్ చేసుకున్న హోమ్‌స్టే వాళ్లు ఫోన్లో ఆ ముక్క చెప్పనే లేదు, అక్కడికెళ్లాక "వానల్లో ఎవరు వదులుతారు సార్" అని నవ్వారు. సన్‌సెట్ పాయింట్‌లో మళ్లీ అదే తెల్లగోడ. జోగిగుండి జలపాతం దారిలో జలగలు. ఆకు అంచున అగ్గిపుల్లంత సన్నంగా నిలబడి, మన ఊపిరి ఎటు నుంచి వస్తే అటు ఊగుతూ ఉంటుంది ఒక్కొక్కటీ. మా వాడొకడికి సాక్సు విప్పేసరికి వేళ్ల సందులో మూడు, వాడి టెన్షన్ చూసి మాకు నవ్వు, కాసేపటికి మాకూ అవే. ఆదివారం పొద్దున తడి బట్టలు ప్లాస్టిక్ కవర్లలో కుక్కుకుని తిరుగు ప్రయాణం. ప్రయాణంలోనే ముప్పై గంటలకు పైగా పోయాయి, ఊళ్లో మెలకువగా ఉన్నది పట్టుమని పది గంటలు, అందులో సగం వరండాలో కూర్చుని. వరండాలో కూర్చోవడం తప్పని కాదు, నిజానికి అక్కడ చేయాల్సిన పని అదే, కాకపోతే దానికి పది గంటలు చాలవు.

కాపురం సంగతి వేరు. ఆగుంబేకి కాస్త దూరంలో, వక్క తోట మధ్యలో పాత మలెనాడు (కర్ణాటక కొండసీమ) ఇల్లు, అందులో ఒక వైపు రెండు గదులు నాకు అద్దెకిచ్చారు. ఇంట్లో పెద్దావిడ ఉండేది, అందరూ అజ్జి అంటారు, నేనూ అజ్జీ అనే పిలిచేవాణ్ణి, ఆవిడ నన్ను "తమ్మా" అనేది. జూన్ పదో తారీఖు ప్రాంతంలో రాత్రంతా కురిస్తే పొద్దున లేచి "అజ్జీ, ఏం వానండీ ఇది" అన్నాను నా వచ్చీరాని కన్నడంలో. ఆవిడ నవ్వి, "ఆరిద్ర ఇంకా రాలేదు కదా" అంది. అక్కడ వానని నెలల లెక్కన చెప్పరు, ఆరిద్ర మళె, పునర్వసు మళె, పుష్య మళె అని నక్షత్రాల లెక్కన చెప్తారు, అచ్చం మన కార్తెలే. మా తాతయ్య పోయాక ఆరుద్ర కార్తె అన్న మాట మా ఇంట్లో ఎవరూ అనగా వినలేదు, మళ్లీ అక్కడ విన్నాను. ఆవిడ చెప్పినట్టే జూన్ ఇరవై రెండు దాటాక మొదలైంది అసలు వాన. చినుకులు లేవు, గాలివాన కూడా కాదు, ట్యాంకు నిండి పొర్లుతున్నట్టు ఒకటే చప్పుడు, పగలూ రాత్రీ. ఆఫీసు కాల్‌లో ఉంటే అవతలివాళ్లు "మీ దగ్గర ఏదైనా మిషన్ నడుస్తోందా" అని అడిగేవారు.

ఆ చప్పుడు మొదటి వారం బాగుంటుంది, రెండో వారం పిచ్చెక్కుతుంది, మూడో వారం నుంచి వినిపించదు. ఏ అర్ధరాత్రో ఆగితే అప్పుడు మెలకువ వచ్చేస్తుంది. ఈ మూడు దశలూ దాటితే తప్ప వానాకాలం కాపురం బాగుందో లేదో చెప్పలేరు. మొదటి వారంలోనే రీల్ పెట్టేసి "స్వర్గం" అనేవాళ్లని నమ్మకండి.

బూజు గురించి వేరే చెప్పాలి. నాలుగు రోజులు వాడకుండా తగిలించిన బెల్టు తీస్తే దాని మీద తెల్లటి నూగు. కారప్పొడి ముద్ద కట్టింది, పాత పుస్తకం అట్ట మీద పచ్చగా మచ్చలు. అమ్మ పంపిన ఆవకాయ సీసాలో ఒక రోజు పైపొర తెల్లబడి కనిపించేసరికి ప్రాణం ఉసూరుమంది. అజ్జి వచ్చి సీసా ఎత్తి చూసి, వాసన చూసి, తడి గరిటె పెట్టావు కదా అని తిట్టి, పైపొర తీసేసి, మిగిలింది వాళ్ల వంటింట్లో కట్టెల పొయ్యి పైన ఉన్న అటక మీద పెట్టించింది. ఆ ఇంట్లో తడి తగలకూడనిది ఏదున్నా దాని చోటు అదే, విత్తనాలు, చింతపండు, పనస అప్పడాలు, చివరికి నా హార్డ్ డిస్క్ కూడా. బట్టలైతే స్నానాల గదిలో, రోజంతా నిప్పు ఆరని పెద్ద రాగి కాగు పైన కట్టిన దండేనికి. సెప్టెంబర్‌లో హైదరాబాద్ వచ్చాక కూడా నా చొక్కాలన్నీ పొగ వాసన కొట్టేవి.

కరెంటు పోతే ఒక్కోసారి రెండు రోజులు. ఫైబర్ లైను మీద చెట్టు పడితే మూడు. ఆ రోజుల్లో లాప్‌టాప్ పట్టుకుని తీర్థహళ్లి వెళ్లి కూర్చోవడమే, ముప్పై కిలోమీటర్ల పైమాట. కాబట్టి రోజూ తప్పనిసరిగా లాగిన్ ఉండాల్సిన ఉద్యోగమైతే జూన్, జులై, ఆగస్టు అక్కడ పెట్టుకోకండి, ఇది సలహా కాదు, నేను మేనేజర్‌తో పడిన మాటలు. కాస్త పెద్ద ఆసుపత్రి కావాలన్నా తీర్థహళ్లి, లేదంటే పద్నాలుగు హెయిర్‌పిన్ మలుపుల ఘాట్ దిగి మణిపాల్. వానల్లో కొండచరియలు విరిగి ఘాట్ మూసేస్తే చుట్టు తిరగాలి. చంటిపిల్లలు, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఈ ఆలోచనే వద్దు.

మరి అంత కష్టపడి ఎందుకు ఉండటం అంటే, అడవి ఒళ్లు విరుచుకునేది ఆ నాలుగు నెలలే. నీటి గుంట పైకి వంగిన కొమ్మకి సబ్బు నురగ ముద్దలా వేలాడుతూ ఉంటుంది, అది మలబార్ గ్లైడింగ్ ఫ్రాగ్ అనే పచ్చటి కప్ప గూడు. లోపల గుడ్లు పొదిగాక తోకకప్పలు ఒక్కొక్కటే టప్పుమని నీళ్లలోకి రాలతాయి. మొదటిసారి గొడుగు కింద గంటన్నర నిలబడి చూశాను, నాలుగు రాలాయి. రాత్రి టార్చి ఆర్పేస్తే కుళ్లిన కొమ్మల మీద ఒక రకం బూజు లేత పచ్చగా వెలుగుతుంది (బెల్టు మీద బూజుని క్షమించింది ఆ రోజే). తెల్లవారుజామున పోకిరి కుర్రాడు ఈల వేసుకుంటూ పోతున్నట్టు విజిలింగ్ థ్రష్ పిట్ట కూత. ఇవేవీ వీకెండ్‌లో దొరకవని కాదు, దొరికితే మీ అదృష్టం. అక్కడే ఉంటే మాత్రం ఎదురుచూడొచ్చు.

తోట పని కూడా అప్పుడే చూడాలి. వక్క గెలలకు కొళె రోగం అని కుళ్లు తెగులు వస్తుంది, దానికి మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం కొట్టాలి, కొట్టాలంటే వాన కాసేపైనా తెరిపి ఇవ్వాలి. ఆ తెరిపి కోసం ఇంటిల్లిపాదీ ఆకాశం వంక చూస్తూ కూర్చుంటారు. చెట్టెక్కే మనుషులు తగ్గిపోయారు, ఇప్పుడు కార్బన్ ఫైబర్ గడలు వచ్చాయి, వాటిని దోటి అనే అంటున్నారు, మన దోటే. ఆ ఏడాది తెరిపి సరిగ్గా దొరకలేదు. రాలిన కాయలు గంపలకెత్తుతూ అజ్జి కొడుకు ఒక్క మాట మాట్లాడలేదు. నేను ఎంజాయ్ చేస్తున్న వానే ఆయనకి నష్టం అని అప్పుడు తట్టింది, సిగ్గేసింది కూడా.

పాముల గురించి అందరూ అడుగుతారు. రాచనాగుకి, అదే మన ఉత్తరాంధ్రలో గిరినాగు అనేదానికి, ఆగుంబే పెట్టింది పేరు. పాముల నిపుణుడు రోములస్ విటేకర్ 2005లో అక్కడ వర్షారణ్య పరిశోధన కేంద్రం పెట్టింది దీని కోసమే. 2024లో పశ్చిమ కనుమల రాచనాగు వేరే జాతి అని తేల్చి, అక్కడివాళ్లు పిలిచే పేరు మీదే కాళింగ అని పెట్టారు. నేనున్న నాలుగు నెలల్లో ఒక్కసారే, పక్కింటి కట్టెల గుట్టలో. ఎవరూ కర్ర ఎత్తలేదు, ఫోన్ చేశారు, పట్టేవాళ్లు వచ్చి సంచీలో ఎక్కించి దగ్గర్లోనే అడవిలో వదిలారు. నాకు దానికంటే భయం దారి పక్క కొమ్మల మీద ఆకు రంగులో కలిసిపోయి ఉండే మలబార్ పిట్ వైపర్. టార్చి లేకుండా రాత్రి బయటికి వెళ్లకపోతే చాలు.

వానలయ్యాక, అంటే అక్టోబర్ చివర్నుంచి నవంబర్ ఆఖరు దాకా, రెండు మూడు రోజులు వెళ్లేవాళ్లకి నా ఓటు దీనికే. జలపాతాల్లో నీళ్లుంటాయి, జలగలు బాగా తగ్గుతాయి, కుందాద్రి కొండ ఎక్కితే కింద లోయంతా మబ్బు పరుచుకుని ఉంటుంది. వక్క కోతలు నడుస్తుంటాయి, సాయంత్రాలు ఆడవాళ్లు కూర్చుని చకచకా కాయలు ఒలుస్తూ ఊరి కబుర్లన్నీ ఒలిచేస్తారు. ఎండ పొడ తగిలిన చెట్ల మీద ఎగిరే బల్లి కనిపిస్తుంది, గొంతు కింద పసుపుపచ్చ తోలుని జెండాలా తెరిచి మూసి, ఒక్కసారి పక్కటెముకలు విప్పి ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకి గాలిలో జారిపోతుంది. వానల్లో నాకు ఒక్కటీ కనిపించలేదు.

అయితే వానలయ్యాక అంటే జనవరి, ఫిబ్రవరి, మార్చి అని అనుకోకండి. ఎండలొచ్చాయి కదా సేఫ్ అనుకుంటారు చాలామంది. జలగ కరిస్తే కాస్త రక్తం, నాలుగు రోజులు దురద, అంతే. పొడి నెలల్లో ఉండేవి పిడుదులు, వాటితో వచ్చేది క్యాసనూర్ జ్వరం, మంకీ ఫీవర్ అంటారు. 1957లో ఇదే జిల్లాలో సొరబ తాలూకాలో మొదట బయటపడిన జబ్బు, డిసెంబర్ నుంచి మే దాకా దాని కాలం, మనుషులు పోయిన సందర్భాలున్నాయి. ఆ నెలల్లో ఆరోగ్య శాఖ వాళ్లు పిడుదులు కుట్టకుండా ఒంటికి రాసుకోవడానికి డీపా ఆయిల్ పంచుతారు. వెళ్తే రోడ్డు పట్టున తిరగండి, ఎండుటాకుల మీద కూర్చోకండి, కోతి చచ్చి పడి ఉన్న చోటికి అసలు పోకండి, తిరిగొచ్చాక జ్వరమొస్తే డాక్టరుకి ఎక్కడికెళ్లొచ్చారో చెప్పండి.

మన మారేడుమిల్లి ఉండగా అంత దూరం ఎందుకు అని మా బావ వాదన. వీకెండ్‌కి, బొంగు చికెన్‌కి, పిల్లలతో వాగుల్లో ఆడటానికి మారేడుమిల్లే మేలు, నాకేం అభ్యంతరం లేదు. కానీ అక్కడ ఆకు రాల్చే చెట్లు ఎక్కువ, వేసవిలో కొండ చాలావరకు గోధుమ రంగుకి తిరుగుతుంది. అది వేరే రకం అడవి.

నవంబర్‌లో వెళ్లింది అమ్మానాన్నలతోనే. శృంగేరిలో రెండు రాత్రులుండి, మధ్యలో ఒక రోజంతా ఆగుంబేకి ఇచ్చాం. అజ్జి వాళ్లింట్లో కషాయం తాగాం, అమ్మ ఆవకాయ సీసా సంగతి మొత్తం విని నా వైపు ఒక చూపు చూసింది. సాయంత్రం సన్‌సెట్ పాయింట్‌కి వెళ్తే మెట్లన్నీ జనం. కింద కొండల మీద కొండలు, వాటి అవతల చివర్న సన్నగా రేకు ముక్కలా మెరుస్తూ ఒక గీత. నాన్న చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకుని చూసి, "పోయినసారి ఇక్కడ సముద్రం ఉందని ఎవరూ చెప్పలేదేంరా" అన్నారు.