చిన్నపిల్లలున్న ఇంటికి ఏ కుక్క మేలు: ల్యాబా, పామెరియనా, మన ఊరకుక్కనా?

మా నల్లగొండ దిక్కు కొత్తిల్లు కట్టుకున్నోళ్లు గృహప్రవేశం అయిందో లేదో కుక్కపిల్ల కోసం ఎతుకుడు మొదలుపెడుతున్నరు. ఇంట్ల మూడేండ్ల పాప, ఆరేండ్ల బాబు ఉంటరు, వాళ్ల మారాం ఒక దిక్కు, రాత్రిపూట దొంగల భయం ఇంకో దిక్కు. అందరు అడిగేది ఒక్కటే, ఏ బ్రీడ్ మంచిదన్నా అని. నేనైతే బ్రీడ్ కంటే ముందు రెండు అడుగుత, ఒకటి మే నెలల మీ ఇల్లు ఎంత కాలుతది, రెండోది కుక్క పని చూసే పెద్దమనిషి ఇంట్ల ఎవరు. మన దగ్గర ఎండ 44, 45 డిగ్రీల దాకా పోతది, కుక్కకేమో మనలెక్క ఒళ్లంత చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పితేనే దాని ఒంట్ల వేడి దిగుతది. రేకుల ఇల్లు, చిన్న గది, కరెంట్ పోతే గాలాడదు అన్న కాడ ఒత్తు బొచ్చు కుక్కను తెచ్చి కట్టేసుడు పాపం.

ముందుగాల ల్యాబ్రడార్ గురించి, ఎక్కువమంది మనసు దానిమీదనే ఉంటది కాబట్టి. పిల్లలతోని కలిసిపోయే గుణంల ల్యాబ్‌ను తప్పు పట్టేది లేదు. దాని పూర్వీకులు కెనడాల న్యూఫౌండ్‌ల్యాండ్ కాడ చేపలు పట్టెటోళ్లకు వలలు, తాళ్లు గుంజిచ్చిన కుక్కలు, తర్వాత వేటగాళ్లు కొట్టిన పక్షులను నలగకుండ నోట్ల పట్టుకొచ్చే పనికి పెంచిండ్రు, అందుకే ఇయ్యాలటికి కూడ ల్యాబ్ చెప్పులు, బొమ్మలు, పిల్లల సాక్స్ ఏది దొరికితే అది నోట్ల కరుచుకొని మన కాడికే తెస్తది. పిల్లలు తోక గుంజినా చాలావరకు ఓర్చుకుంటది. కానీ పెరిగినంక 25 నుంచి 35 కిలోలు ఉంటది, రెండేండ్లు వచ్చేదాక దానికి బుద్ధి కుదురు ఉండదు, కొరకాలని కాదు, సంబరంతోనే ఉరికొచ్చి నడక నేర్చే పిల్లను ఎల్లకిల పడేస్తది. రోజూ పొద్దున, మాపటికి కలిపి గంటకు తక్కువ కాకుండ తిప్పాలె, తిప్పకపోతే సోఫా చింపుతది, తిండి ఎంత పెట్టినా ఇంకా అడుగుతది కాబట్టి ఊరికెనే లావెక్కి నడుము కీళ్లు పోతయి. పైన రెండు వరసల బొచ్చు, అది ఇల్లంత రాలుతది. ఎండాకాలం పొద్దున పదింటినుంచి మాపు ఐదింటిదాక లోపల షాబాద్ బండల మీద, ఫ్యాన్ కిందనో కూలర్ ముందటనో ఉంచే స్తోమత ఉంటే ల్యాబ్ తెచ్చుకోరి. వాకిట్ల రేకుల షెడ్డు కింద గొలుసేసి కట్టేస్త అంటే మాత్రం వద్దే వద్దు.

ఇగ పామెరియన్. మన దగ్గర ఆ పేరుతోని అమ్మేది చాలావరకు ఇండియన్ స్పిట్జ్, అసలు పామెరియన్ అయితే మూడు కిలోల అటుఇటే ఉంటది. స్పిట్జ్ కొంచెం పెద్దది, మన వాతావరణానికి దశాబ్దాల నుంచి అలవాటు పడ్డది, తెలివి ఉంటది, గేటు సప్పుడైతే చాలు లేస్తది, తిండి కొంచెమే, ఫ్లాట్లల్ల కూడ సరిపోతది. మరి వద్దని ఎందుకంటున్న అంటే ఐదేండ్ల లోపు పిల్లలకు అది చూడంగనే బొమ్మ అనిపిస్తది. ఎత్తుకుంటరు, పిసుకుతరు, జారిడుస్తరు. సన్నటి కాళ్లు, కిందవడితే విరుగుతయి, పైగ ఇసిగిస్తే చటుక్కున పన్ను పెడతది. పిల్లలు మూడు, నాలుగో తరగతికి వచ్చి చెప్తే ఇనే ఈడైతే అప్పుడు స్పిట్జ్ మంచి జోడి.

జర్మన్ షెఫర్డ్ తెలివి గురించి చెప్పే పనిలేదు, కానీ అది గొర్ల మందను తిప్పే జాతి, ఉరికే పిల్లల మడమలను నోటితోని పట్టబోతది, మొదటిసారి కుక్కను పెంచెటోళ్లకు దాన్ని అదుపుల పెట్టుడు కష్టం. పగ్ పిల్లలతోని బాగుంటది కానీ మూతి చప్పిడి, మన ఎండల రొప్పి రొప్పి ప్రాణం మీదికి తెచ్చుకుంటది. హస్కీ మంచు దేశాలది, మహబూబ్‌నగర్‌ల దాన్ని పెంచుడేందో నాకు అర్థం కాదు. రాట్‌వీలర్ చిన్నపిల్లలున్న ఇంటికి నేనైతే చెప్ప.

నా ఓటు మన ఊరకుక్కకే, అదీ ఆడ కుక్కపిల్లకు. పొట్టి బొచ్చు, సన్నటి ఒళ్లు, ఎండకు యాపచెట్టు నీడ, గిన్నెడు సల్లటి నీళ్లు దొరికితే తట్టుకుంటది. పదిహేను, ఇరవై కిలోలు ఉంటది, మంచిగ చూసుకుంటే 13, 14 ఏండ్లు బతుకుతది, పెద్ద బ్రీడ్లకు వచ్చే కీళ్ల రోగాలు తక్కువ. పాలమూరు గొల్ల కుర్మలు మందలెంట తోలుకపోయే కుక్కలను చూడుండ్రి, గొర్రెపిల్లలు దాని మీదికెక్కి తొక్కినా కదలదు, రాత్రి నక్క వాసనొస్తే లేస్తది. అన్నిటికంటే పెద్ద లాభం ఇంకోటి ఉన్నది, దీని తల్లి మన కండ్ల ముందట ఉంటది. పైసలు పెట్టి కొనే ల్యాబ్ పిల్ల తల్లిని ఎంతమంది అమ్మెటోళ్లు చూపిస్తరు? తల్లిని చూసి పిల్లను అని పెద్దోళ్లు ఊరికే అనలే. మీ గల్లీలనే ఏండ్ల సంది ఉంటున్న కుక్క, బడి పిలగాండ్లు దాని పక్కనుంచి పోయినా తల లేపనిది, అన్నం పెట్టే చెయ్యిని ఎన్నడు గుర్రు అననిది, దాని కడుపున పుట్టినదాన్ని తీసుకుంటే సగం పరీక్ష పాసైనట్టే. పిల్లలను తరిమే కుక్కకు పుట్టినదాన్ని ఎంత ముద్దుగున్నా తేవద్దు.

ఇక్కడ చాలామందికి ఒక భయం ఉంటది, అది న్యాయమైన భయమే. 2023 ఫిబ్రవరిల హైదరాబాద్ అంబర్‌పేటల నాలుగేండ్ల పిల్లగాడు వీధికుక్కల దాడిల చనిపోయిండు, అప్పటినుంచి ఊరకుక్క అంటేనే తల్లుల గుండె జల్లుమంటది. కానీ దిక్కు లేక గుంపులు కట్టి తిరిగే పెద్ద కుక్కలు వేరు, రెండు నెలల ఈడుల ఇంటికొచ్చి పిల్లల చేతుల మీద పెరిగింది వేరు. మూడో వారం నుంచి మూడు నెలల దాక చూసిన మనుషులను, విన్న సప్పుళ్లను కుక్క జన్మంత నమ్ముతది. అట్లని ఎనిమిది వారాల కంటే ముందు తల్లి నుంచి గుంజుకురావద్దు, తోబుట్టువులతోని ఆడుకుంటనే ఎంత గట్టిగ కొరికితే నొప్పో నేర్చుకుంటది.

ఊరకుక్కకు కష్టాలు లేవని కాదు. గేటు తెరిచి ఉంటే ఊరు తిరుగుతది, కొత్తోళ్లను లోపలికి రానీయదు, పార్సిల్ అబ్బాయి వచ్చినప్పుడు కట్టేసుకోవాలె. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించకపోతే ఏడాదికోసారో రెండుసార్లో ఎదకొస్తది, గల్లీల కుక్కలన్ని మీ గేటు కాడనే ఉంటయి. అది ఊరకుక్కే కదా టీకాలెందుకు అనుకునేటోళ్లు పార్వో అనే వైరస్ రోగం వచ్చి రక్తవిరేచనాలతోని రెండురోజులల్ల కుక్కపిల్లను పోగొట్టుకుంటున్నరు. ఆరు నుంచి ఎనిమిది వారాలల్ల మొదటి టీకా, మళ్ల బూస్టర్లు, మూడు నెలలకు రేబిస్ టీకా, ఆ తర్వాత డాక్టర్ చెప్పినట్టు ప్రతి ఏడాది. పురుగుల మందు అసలే మరవద్దు, కుక్క కడుపుల పురుగుల గుడ్లు మట్టిల కలిసి పిల్లల నోట్లకు పోతయి. గోమార్లు కూడ వారానికోసారి చెవుల ఎనక, కాలి వేళ్ల నడుమ చూసి తియ్యాలె. మండలంల పశువుల దవాఖాన ఉంటది, చిన్నచిన్నయి అక్కడనే అయితయి, పెద్ద రోగమైతే హైదరాబాద్ నారాయణగూడ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాలకు తోలుకపోతరు.

ఏ కుక్క తెచ్చినా ఆరేండ్ల లోపు పిల్లను, కుక్కను ఒక్కదగ్గర వదిలి వంటింట్లకు పోవద్దు, ల్యాబైనా సరే. పిల్లల మొఖం కుక్క మొఖమంత ఎత్తుల ఉంటది, అందుకే కాట్లు ఎక్కువ మొఖానికి, మెడకు పడతయి. కుక్క తినేటప్పుడు, పండుకున్నప్పుడు, దాని పిల్లలకు పాలిచ్చేటప్పుడు దగ్గరికి పోవద్దని మీ పిల్లలకు నేర్పుండ్రి, మీద ఎక్కి గుర్రం ఆట అసలే వద్దు. పంటి గాటో, గోరు గీతో ఏది పడ్డా నల్లా కింద పట్టి సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు కడగాలె, పసుపు, కారం, సున్నం పెట్టొద్దు, మన ఇంటి కుక్కే కదా అని ఊకోవద్దు, అదే రోజు సర్కారు దవాఖానకు పోవాలె, అక్కడ రేబిస్ సూదులు ఫ్రీగ ఇస్తరు. రేబిస్ లక్షణాలు మొదలైనంక బతికించే మందు లేదు.

ఇంట్ల ఏడాది లోపు పసిపిల్ల ఉంటే నా మాట విని రెండేండ్లు ఆగుండ్రి, బాలింతకు ఆ పని పెట్టుడు అన్యాయం. ఫ్లాట్ల ఉండి, టైం, పైసలు రెండూ ఉంటే ల్యాబ్. వాకిలి, ప్రహరీ ఉన్న ఇల్లయితే ఊరకుక్క. మన దగ్గర వీధికుక్కలు ఎక్కువగ వానాకాలం దాటినంక, చలికాలంల ఈనుతయి, సంక్రాంతి అటుఇటు పిల్లలు ఎనిమిది వారాలకు వస్తయి. అప్పుడు తెచ్చుకుంటే ఎండలు ముదిరేలోపల టీకాలు అయిపోతయి, ఇల్లు అలవాటైతది.