ఒకటి, రెండు తరగతులకు పాట: బతుకమ్మ పాటలా, సరళీ స్వరాలా?

ఓరుగల్లు పిల్లల చెవిలో బతుకమ్మ పాట బడికి రాకముందే ఉంటుంది. టీచర్ చరణం అందుకుంటే పిల్లలు ‘ఉయ్యాలో’ అనాలి. ఎవరు శ్రుతి తప్పారో ఆ ఒక్క మాటలోనే తెలిసిపోతుంది. స్వరాల పరిధి చిన్నది, గొంతు మీద బరువు పడదు. చిక్కల్లా వేగంతోనే. చప్పట్లు మొదలైతే నాలుగో చరణానికి పరుగందుకుంటారు. చప్పట్లు ఆపించి అడుగు మాత్రమే వేయిస్తే లయ మళ్లీ కుదురుకుంటుంది.

సరళీ స్వరాలు కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలు. వాటికి మాయామాళవగౌళ రాగం, 8 అక్షరాల ఆదితాళం, కింది షడ్జమం (స) నుంచి పై షడ్జమం దాకా పూర్తి స్థాయి కావాలి. పెద్దాడవాళ్లకు అనువైన 5 శ్రుతి (‘స’ ఎంత ఎత్తున ఉండాలో చెప్పే అంకె) పెడితే పిల్లల కింది షడ్జమం గాలిలా పోతుంది. పై స్థాయికి మారిస్తే అరుపవుతుంది. ఆ రెండిటికీ మధ్య ఎత్తున ఉండే 1 లేదా ఒకటిన్నర పెట్టండి. ఈ రాగంలోని శుద్ధ రిషభం (రి) షడ్జమానికి మరీ దగ్గర, అక్కణ్నుంచి అంతర గాంధారానికి (గ) పెద్ద ఎడం. అందుకే ఆరేళ్ల పిల్లలు రిషభాన్ని పైకి లాగేస్తారు. సరిదిద్దాలంటే ఒక్కొక్కరినీ విడిగా వినాలి. 40 మంది ఉన్న గదిలో కుదరదు.

మొదటి రెండేళ్లు బతుకమ్మ పాటలే మేలు. స్వరాలు మూడో తరగతిలో. బతుకమ్మ పండుగ తొలిరోజైన ఎంగిలిపూల నాటికి దసరా సెలవులు దగ్గరపడతాయి, సాధన శ్రావణంలోనే మొదలవ్వాలి.