అవతలి యంత్రంలోని విండో ఇవతలి తెరపై: ఎక్స్‌ప్రా సమీక్ష

ఒకే స్విచ్‌కు కలిపిన కంప్యూటర్లలో ఒకదానిపై నడిచే ప్రోగ్రాం విండోను మరొకదాని తెరపై తెరవవలసిన అవసరం ఇంజనీరింగ్ కళాశాలల ప్రయోగశాలల్లోనూ చిన్న ఆఫీసుల్లోనూ తరచుగా వస్తుంది. చిప్ డిజైన్ ప్రోగ్రాంలను ఒక్క లినక్స్ సర్వర్‌లోనే ఇన్‌స్టాల్ చేసి ఉంటారు. పెద్ద మ్యాపులను తెరవడానికి చాలినంత మెమరీ ఆ సర్వర్‌కే ఉంటుంది. విద్యార్థుల ముందున్నవి మాత్రం పాత డెస్క్‌టాప్‌లు. అవతలి డెస్క్‌టాప్ మొత్తాన్నీ కాకుండా కావలసిన ఒక్క విండోను మాత్రమే రప్పించే ఎక్స్‌ప్రా అనే సాధనాన్ని మా ప్రయోగశాలలో చాలాకాలంగా వాడుతున్నాం. లోకల్ నెట్‌వర్క్‌లో గంటల తరబడి సాగే పనికి ఇంతకంటె నమ్మదగిన ఉచిత సాధనం నాకు కనబడలేదు. అయితే ఒక విండోను కాసేపు తెరిచి, పని చూసుకుని మూసేసేవారికి దీనితో అవసరం లేదని కూడా అంతే గట్టిగా చెబుతాను. ఆ తేడా ఎక్కడుందో తెలియాలంటే అంతకుముందు నుంచీ ఉన్న పద్ధతితో మొదలుపెట్టాలి.

లినక్స్‌లో విండోలను చూపే ఎక్స్ విండో సిస్టం 1984లో అమెరికాలోని ఎంఐటీలో, విద్యార్థుల చదువులో కంప్యూటర్లను వాడేందుకు చేపట్టిన ప్రాజెక్ట్ ఎథీనా అవసరాల కోసం మొదలైంది. నేటికీ వాడుకలో ఉన్న పదకొండో రూపం 1987లో వచ్చింది. నెట్‌వర్క్ మీదుగా విండోలు తెరవడం దీనికి తర్వాత అతికించిన సౌకర్యం కాదు, మొదటి నుంచీ ఉన్న లక్షణం. ఇందులో సర్వర్ అంటే మన ముందున్న యంత్రమే, ఎందుకంటే తెర, కీబోర్డు, మౌస్ దాని దగ్గరే ఉన్నాయి. ఆ తెరను వాడుకోవడానికి అనుమతి అడిగే అవతలి ప్రోగ్రాం క్లయింటు. పెద్ద యంత్రాన్నే సర్వర్ అని పిలవడానికి అలవాటుపడిన విద్యార్థులు మొదటి వారమంతా ఇక్కడే తికమకపడతారు. ఈ సమీక్షలో ఎక్స్ సర్వర్ అన్నప్పుడే ఆ అర్థం, ఉత్త సర్వర్ అంటే పెద్ద యంత్రమే. పాత రోజుల్లో, విండో ఏ తెరపై తెరుచుకోవాలో చెప్పే డిస్‌ప్లే అనే వేరియబుల్‌లో ఇవతలి యంత్రం పేరు రాసి, ఇవతల ఎక్స్‌హోస్ట్ ప్లస్ అని కొట్టి తలుపులన్నీ తెరిచేసేవారు. అలా తెరిస్తే నెట్‌వర్క్‌లోని ఏ యంత్రమైనా 6000 పోర్టు ద్వారా మన తెరను చూడగలదు, మనం కొట్టే పాస్‌వర్డును అక్షరం అక్షరం చదవగలదు. ఇప్పటి ఎక్స్ సర్వర్లు నెట్‌వర్క్ నుంచి నేరుగా వచ్చే పిలుపులను అసలు వినకుండా మొదలవుతాయి, అది మంచి మార్పు. అయినా ఆ పాత సలహాను నేటికీ అందించేవారున్నారు; దయచేసి పాటించకండి.

దాని స్థానంలో నిలిచినది ఎస్‌ఎస్‌హెచ్ (మరో యంత్రంలోకి భద్రంగా లాగిన్ అయ్యే సాధనం) ద్వారా ఎక్స్ ఫార్వర్డింగ్. ఎస్‌ఎస్‌హెచ్ కమాండుకు పెద్ద ఎక్స్ గుర్తును జోడించి అవతలి యంత్రంలోకి లాగిన్ అయితే, అక్కడ డిస్‌ప్లే వేరియబుల్ దానంతటదే సిద్ధమవుతుంది. మామూలుగా అది పదో నంబరుతో మొదలవుతుంది. ఇక ఏ ప్రోగ్రాం పేరు కొట్టినా దాని విండో ఇవతల తెరుచుకుంటుంది, మధ్యలో ప్రయాణించేదంతా రహస్య లిపిలోనే ఉంటుంది. అవతల ఎక్స్‌ఆథ్ అనే చిన్న ప్యాకేజీ ఉండాలి, ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ అమరికల్లో ఎక్స్ ఫార్వర్డింగ్‌కు అనుమతి ఉండాలి. విండో తెరుచుకోలేదని మా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ రెండింటిలో ఒకటి లేకపోవడం వల్లనే. ఇవతల విండోస్ యంత్రమైతే వీసీఎక్స్‌సర్వ్ వంటి ఎక్స్ సర్వర్‌ను, మ్యాక్ అయితే ఎక్స్‌క్వార్ట్జ్‌ను ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

ఒక అమరికల ప్యానెల్ తెరవాలన్నా, ఒక గ్రాఫు చూడాలన్నా ఇది చాలు. అసలు చిక్కు ఎక్కడంటే, ఈ పద్ధతిలో విండో ప్రాణం నెట్‌వర్క్ తీగకు కట్టుబడి ఉంటుంది. విద్యార్థులున్న గదిలో కరెంటు పోయినప్పుడు యూపీఎస్ మీదున్న సర్వర్ నిక్షేపంగా నడుస్తూనే ఉంటుంది. కాని దానిలో నడుస్తున్న ప్రోగ్రాం తన ఎక్స్ సర్వర్‌తో సంబంధం తెగిపోయిందని గుర్తించగానే తానూ ఆగిపోతుంది. మూడు గంటల సిమ్యులేషన్ సగంలో పోయిన విద్యార్థి ముఖం చూసినవారికి ఇది ఎంత పెద్ద లోపమో వేరుగా చెప్పనక్కరలేదు. మన రాష్ట్రాల్లో కరెంటు ఎంత మెరుగుపడినా, పరీక్షల నెలల్లో ఎండల తీవ్రతకు ఒక్క నిమిషం కోత పడినా ఫలితం అదే.

ఎక్స్‌ప్రా ఈ ముడిని విప్పుతుంది. అది అవతలి యంత్రంలోనే, తెర లేని ఒక ఎక్స్ సర్వర్‌ను మెమరీలో నిలబెట్టి, ప్రోగ్రాంలను దానికి కలుపుతుంది. ఇవతలి యంత్రంలోని ఎక్స్‌ప్రా క్లయింటు ఆ ఎక్స్ సర్వర్‌లోని ఒక్కొక్క విండో బొమ్మనూ తెచ్చి, ఇక్కడి విండోలతో కలిపి మామూలు విండోలాగే చూపుతుంది. దాన్ని జరపవచ్చు, చిన్నది చేయవచ్చు, కింది పట్టీలోకి పంపవచ్చు. ఇవతల కరెంటు పోయినా, ఎవరో కేబుల్ లాగేసినా అవతలి ప్రోగ్రాంకు ఆ సంగతే తెలియదు. మళ్లీ లాగిన్ అయి అటాచ్ అంటే విండో వదిలిన చోటనే కనబడుతుంది. ఉదయం ప్రయోగశాలలో మొదలుపెట్టిన పనిని సాయంత్రం సిబ్బంది గదిలోని మరో యంత్రం నుంచి అందుకోవచ్చు. టెర్మినల్‌లో, లాగిన్ తెగినా పనిని ఆగనివ్వని స్క్రీన్ అనే ప్రోగ్రాంను వాడేవారికి ఈ ఏర్పాటు వెంటనే అర్థమవుతుంది; తయారుచేసినవారు కూడా దీన్ని ఎక్స్ కోసం స్క్రీన్ అనే పరిచయం చేస్తారు.

వేగం విషయం కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే గిగాబిట్ నెట్‌వర్క్ ఉంటే చాలు, ఏ పద్ధతైనా ఒకటేనని చాలామంది నమ్ముతారు. 1920 గుణించు 1080 చుక్కల తెరను, చుక్కకు 4 బైట్ల చొప్పున ఏ కుదింపూ లేకుండా పంపితే ఒక్క ఫ్రేముకు దాదాపు 66 మెగాబిట్లు అవుతాయి. అంటే సెకనుకు 1000 మెగాబిట్లు మోసే తీగ 15 ఫ్రేములకే నిండిపోతుంది. ఎక్స్ పుట్టిన కాలంలో ప్రోగ్రాంలు ఇక్కడ గీత గీయి, అక్కడ ఈ అక్షరం వేయి అంటూ చిన్న ఆజ్ఞలు పంపేవి కనుక తక్కువ వేగపు నెట్‌వర్క్ సరిపోయింది. జీటీకే, క్యూటీ అనే విండో లైబ్రరీలతో రాసిన ఇప్పటి ప్రోగ్రాంలు చాలావరకు బొమ్మను తామే పూర్తిగా గీసుకుని చుక్కల రూపంలో పంపుతాయి. అందువల్ల పాత ఎక్స్‌టెర్మ్ టెర్మినల్ విండో ఎస్‌ఎస్‌హెచ్ మీద చురుగ్గా ఉంటుంది, కొత్త బ్రౌజరు మాత్రం స్క్రోల్ చేసినప్పుడల్లా ఈడుస్తుంది. ఎక్స్‌ప్రా ఈ చుక్కలను కుదించి పంపుతుంది: విండోలో వీడియోలా కదిలే భాగాన్ని గుర్తిస్తే హెచ్264 వంటి వీడియో పద్ధతిని, కదలని భాగానికి పీఎన్‌జీ, జేపెగ్, వెబ్‌పీ వంటి వాటిని తానే ఎంచుకుంటుంది. కదలిక ఉన్నంతసేపు అక్షరాల అంచులు కొంచెం మసకబారతాయి. కదలిక ఆగిన కాసేపటికి పూర్తి నాణ్యతతో ఆ భాగాన్ని మళ్లీ పంపి సరిచేస్తుంది. సర్క్యూట్ బొమ్మల్లో సన్నని గీతలను జూమ్ చేస్తూ చూసేవారికి ఈ మసక చిరాకు తెప్పిస్తుంది. అటువంటివారు నాణ్యతను వందకు పెంచి, ఏ నష్టమూ లేని కుదింపును బలవంతంగా ఎంచుకోవచ్చు. ఇంటర్నెట్ మీద అది భారమవుతుంది గాని, లోకల్ నెట్‌వర్క్‌లో సుఖంగానే సాగుతుంది. కుదింపు పనంతా సర్వర్ ప్రాసెసర్ మీద పడుతుంది కనుక తరగతి మొత్తం ఒకేసారి కూర్చునే చోట ఆ లెక్క ముందే వేసుకోవాలి.

తెలుగు వాడేవారు గమనించవలసిన సంగతి ఒకటుంది. అక్షరాలను పేర్చి గీసే పని ప్రోగ్రాం నడిచే చోటనే జరుగుతుంది. కాబట్టి తెలుగు ఫాంట్లు అవతలి యంత్రంలో ఉండాలి. మన యంత్రంలో ఎన్ని ఉన్నా ప్రయోజనం లేదు. సర్వర్‌లో లోహిత్ తెలుగు గాని, నోటో సాన్స్ తెలుగు గాని లేకపోతే ఊరి పేర్లన్నీ డబ్బాలుగా కనబడిన మ్యాపు ఇవతల తెరుచుకుంటుంది. ఎస్‌ఎస్‌హెచ్ పద్ధతికీ ఎక్స్‌ప్రాకూ ఇది సమానంగా వర్తిస్తుంది. టైపింగ్ దగ్గర ఇంకొంచెం ఇబ్బంది ఉంది: లినక్స్‌లో టైపింగ్ సాధనమైన ఐబస్ ద్వారా తెలుగు కొట్టే అలవాటున్నవారు ఇవతలి ఐబస్ మీద ఆధారపడకుండా, అవతలి సెషన్‌లోనే ఐబస్‌ను నడపడం మేలు. మేం అలాగే చేస్తున్నాం. అయితే ఆ అమరిక కొత్తవారికి అంత తేలికగా దొరకదు, ఇది ఈ సాధనంలో నాకు నిజంగా నచ్చని విషయం.

త్రీడీ బొమ్మల ప్రోగ్రాంలకు మామూలు ఎక్స్ ఫార్వర్డింగ్ పనికిరాదనే చెప్పాలి. ఎక్స్‌ప్రాలో అవి తెరుచుకుంటాయి గాని, గీసే పనంతా ప్రాసెసరే చేస్తుంది కనుక నెమ్మదిగా తిరుగుతాయి. సర్వర్‌లో మంచి గ్రాఫిక్స్ కార్డు ఉంటే వర్చువల్‌జీఎల్ అనే సాధనాన్ని జతచేసి ఆ పనిని కార్డుకు అప్పగించవచ్చు.

భద్రత పరంగా ఎక్స్‌ప్రాకు ఒక మేలైన గుణముంది. డెబియన్, ఉబుంటు అనే లినక్స్ రకాల్లో (డిస్ట్రోల్లో) ఎస్‌ఎస్‌హెచ్ ఎక్స్ ఫార్వర్డింగ్ మామూలు అమరికలో అవతలి ప్రోగ్రాంను పూర్తిగా నమ్ముతుంది. ఆ ప్రోగ్రాం చెడ్డదైతే మన తెరపైని ఇతర విండోలనూ చూడగలదు. ఎక్స్‌ప్రాలో అవతలి ప్రోగ్రాంలు తమ సొంత ఎక్స్ సర్వర్‌లోనే ఉంటాయి, మన తెర దాకా రాలేవు. కాపీ చేసినది రెండువైపులా పంచుకునే సౌకర్యం తెరిచి ఉంటుందని మాత్రం గుర్తుంచుకోవాలి. అక్కరలేనివారు దాన్ని ఆపవచ్చు. ఎస్‌ఎస్‌హెచ్ కాకుండా నేరుగా టీసీపీ పోర్టు తెరిచి వాడే మార్గమూ ఉంది. పాస్‌వర్డు అడిగే ఏర్పాటును విడిగా చేయకపోతే ఆ పోర్టుకు ఎవరైనా వచ్చి కలవగలరు. నెట్‌వర్క్ మనదే కదా అని అలా వదిలేయడం తగదు. విద్యార్థుల ల్యాప్‌టాప్‌లూ ఫోన్లూ అదే నెట్‌వర్క్‌లో తిరుగుతుంటాయి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రెండువైపులా ఎక్స్‌ప్రా ఉండాలి. లినక్స్, విండోస్, మ్యాక్‌లకు క్లయింట్లు ఉన్నాయి, దేనికీ డబ్బు కట్టనక్కరలేదు. డిస్ట్రో ఇచ్చే ప్యాకేజీ చాలా పాతది కావచ్చు కనుక, ఎక్స్‌ప్రా తయారీదారులు నడిపే ప్యాకేజీల రిపాజిటరీ నుంచి తీసుకోవడమే సరైన పద్ధతి. రెండువైపులా ఒకే వెర్షన్ ఉంటే అర్థంకాని తంటాలు చాలావరకు తప్పుతాయి. ఇవతల ఏదీ ఇన్‌స్టాల్ చేయలేని యంత్రమైతే బ్రౌజరులోనే విండోను తెరిచే మార్గం కూడా ఉంది. కాని కంట్రోల్‌తో డబ్ల్యూ నొక్కితే అవతలి ప్రోగ్రాంకు చేరకుండా బ్రౌజరు ట్యాబే మూసుకుపోతుంది, అందుకని దాన్ని చూడటానికి వాడవచ్చు గాని, కూర్చుని పని చేయడానికి కాదు. ఆప్షన్ల సంఖ్య ఎక్కువ, వాటి పేర్లు వెర్షన్ల మధ్య మారుతుంటాయి. పాత వ్యాసం చూసి కొట్టిన కమాండు కొత్త వెర్షన్‌లో పనిచేయకపోవచ్చు.

అవతలి ప్రోగ్రాం ఎక్స్ కింద నడవగలిగినదై ఉండాలన్న షరతు కూడా మరవరాదు. నేటికి దాదాపు అన్నీ అలా నడుస్తాయి. ఎక్స్ స్థానంలో వస్తున్న వేల్యాండ్ కోసమే పూర్తిగా రాసిన ప్రోగ్రాం అయితే వేపైప్ అనే వేరే సాధనం వైపు చూడాలి.

ఇక సర్వర్ నిర్వహించేవారికి ఒక పని తప్పదు. విద్యార్థులు విండోను మూయకుండా క్లయింటును మాత్రమే ఆపి వెళ్లిపోతే, అవతల ప్రోగ్రాం, దాని ఎక్స్ సర్వర్ అలాగే మెమరీని పట్టుకుని కూర్చుంటాయి. కరెంటు కోతలో మనల్ని కాపాడిన గుణమే ఇక్కడ భారమవుతుంది. ప్రోగ్రాం ముగియగానే సెషన్ కూడా ముగిసేలా చేసే ఆప్షన్‌ను మేం విద్యార్థులకిచ్చే కమాండులోనే చేర్చాం, వారాంతంలో మిగిలిన సెషన్ల జాబితా చూసి, వాడేవారిని అడిగిన తరువాతే వాటిని ఆపుతున్నాం.