వాన పడితేనే విలువ తెలిసే స్కోర్ యాప్

క్రికెట్ స్కోర్ యాప్‌లన్నీ ఇంచుమించు ఒకటే. బంతి బంతికీ స్కోరు, వ్యాగన్ వీల్, పాయింట్ల పట్టిక... వీటి గురించి కొత్తగా రాయడానికేం లేదు. చాలా సీజన్లుగా నేను వాడుతున్న యాప్‌ను ఫోన్‌లోంచి తీసెయ్యకపోవడానికి కారణం ఒక్కటే: ఛేజింగ్ మొదలయ్యాక స్కోరు కింద సన్నటి బూడిదరంగు అక్షరాల్లో కనిపించే డీఎల్ఎస్ (వాన మ్యాచ్‌లకు టార్గెట్ లెక్కేసే డక్‌వర్త్-లూయిస్-స్టెర్న్ పద్ధతి) పార్ స్కోరు, అంటే ఆట ఆ క్షణాన ఆగిపోతే సమం కావడానికి ఛేజింగ్ జట్టుకు ఉండాల్సిన పరుగులు. మామూలు రోజుల్లో దాన్నెవరూ పట్టించుకోరు. మబ్బు పట్టిన రోజున మాత్రం మిగతా స్క్రీనంతా ఒక ఎత్తు, ఆ ఒక్క లైను ఒక ఎత్తు.

పార్ చూపించడం గొప్పేం కాదు, ఇప్పుడు చాలా యాప్‌లు చూపిస్తున్నాయి. దీంట్లో ఆ అంకెను నొక్కితే పక్కన ఇంకో రెండు అంకెలు తెరుచుకుంటాయి. ఇప్పుడే ఒక వికెట్ పడితే పార్ ఎంతకు పెరుగుతుంది, రెండు పడితే ఎంతకు పెరుగుతుంది అని. జట్ల చేతిలో ఉండే డీఎల్ఎస్ షీట్‌లో నిలువుగా ఓవర్లు, అడ్డంగా పడిన వికెట్లు ఉంటాయి. డగౌట్‌లో కోచ్ వేలు పెట్టి చూసుకునేది ఆ వరస మొత్తాన్ని. టీవీ మనకు చూపించేది అందులో ఒక్క గడిని.

ఆ తేడా ఎంతుంటుందో తెలియాలంటే 2024 టీ20 ప్రపంచకప్‌లో కింగ్స్‌టౌన్‌లో జరిగిన అఫ్గానిస్తాన్-బంగ్లాదేశ్ మ్యాచ్ చూడాలి. అఫ్గాన్ 115 పరుగులు చేసింది. 11.4 ఓవర్లకు బంగ్లాదేశ్ 81/7. పార్ 83, అంటే రెండు పరుగులు వెనక. ఆట అక్కడే ఆగిపోతే గెలుపు అఫ్గాన్‌దే. చినుకులు మొదలయ్యాయి. అప్పటి అఫ్గాన్ కోచ్ జొనాథన్ ట్రాట్ బయటి నుంచి ఆట నెమ్మదించమని సైగ చేశాడు, స్లిప్‌లో ఉన్న గుల్బదిన్ నాయబ్ తొడ పట్టుకుని కుప్పకూలాడు. మర్నాడు వార్తల నిండా ఆ నటనే. మీమ్‌లు, క్రీడాస్ఫూర్తి చర్చలు, మాజీల వెటకారాలు. ఆ క్షణాన ఒక్క ఫోరు పడినా లెక్క తిరగబడేదన్న సంగతి మాత్రం నాకు కనిపించిన కథనాల్లో ఏ మూలనో ఉంది, లేదా అసలు లేదు. అది తెలియకపోతే ట్రాట్ సైగకు అర్థమే లేదు.

గెలుపు తేడా దగ్గర ఇంకా గందరగోళం. బంగ్లాదేశ్ 105కి ఆలౌట్ అయింది, ఫలితం '8 పరుగుల తేడాతో' అని వచ్చింది. 115లోంచి 105 తీసేస్తే 10 కదా అని అడిగినవాళ్లు చాలామంది. వాన వల్ల ఒక ఓవర్ పోయి టార్గెట్ 19 ఓవర్లలో 114 అయింది. టార్గెట్ 114 అంటే పార్ 113. అందులోంచి 105 తీస్తే 8. నా యాప్ ఈ లెక్కను ఫలితం కిందే ఒక్క లైనులో ఇచ్చింది, అదీ మ్యాచ్ ముగిసిన వెంటనే.

ఇలాంటిదే ఇంకోటి. 2025 మే 6న ఐపీఎల్‌లో, వాంఖడేలో ముంబై 155 చేసింది. గుజరాత్ ఛేజింగ్‌లో ఆట రెండుసార్లు ఆగి, చివరికి ఒక ఓవర్ తగ్గి టార్గెట్ 19 ఓవర్లలో 147 అయింది. మిగిలిన ఒక్క ఓవర్లో 15 కావాలి, ఆఖరి బంతికి గెలిచారు. కింగ్స్‌టౌన్‌లోనూ పోయింది ఒక ఓవరే. అక్కడ టార్గెట్ 116 నుంచి 114కి, రెండే తగ్గింది. ఇక్కడ 156 నుంచి 147కి, ఏకంగా తొమ్మిది. పక్షపాతం అని అరిచే ముందు వికెట్లు చూడాలి. ఏడు వికెట్లు పడి ఇంకా ఎనిమిది ఓవర్లు పైన మిగిలిన జట్టు ఆఖరి ఓవర్ దాకా నిలబడటమే అనుమానం, కాబట్టి ఆ ఓవర్ పోయినా పెద్ద నష్టం లేదని డీఎల్ఎస్ లెక్క. నాలుగు వికెట్లు చేతిలో పెట్టుకుని రెండే ఓవర్లు మిగిలిన జట్టుకు ఒక ఓవర్ తీసేస్తే సగం ఆస్తి పోయినట్టే. యాప్‌లో వికెట్ల అంకెలు తెరిచి చూస్తూ ఉంటే ఇది ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. స్టూడియోలో నలుగురు కూర్చుని అరగంట మాట్లాడినా దొరకనిది ఇదే.

ఇంతవరకూ బాగానే ఉంది. 'వాన మ్యాచ్‌కి ఈ యాప్ ఒక్కటుంటే చాలు' అని అడిగినవాళ్లకి చెబుతూ వచ్చాను. ఇప్పుడు 'ఓవర్లు తగ్గనంతవరకు చాలు' అంటాను. ఓవర్లు కుదించగానే పైన టార్గెట్ మారుతుంది, కింద పార్ మాత్రం కాసేపు పాత పట్టికలోదే ఉండిపోతుంది. ఆ కొద్ది నిమిషాల్లో అది చూపించే 'ముందంజ', 'వెనకంజ' రెండూ నమ్మకూడదు. కొన్ని యాప్‌లైతే బయట దొరికే స్టాండర్డ్ ఎడిషన్ పట్టికతో సొంతంగా లెక్కేస్తాయి. పెద్ద మ్యాచ్‌లలో అధికారులు వాడేది సాఫ్ట్‌వేర్‌తో నడిచే ప్రొఫెషనల్ ఎడిషన్. మొదటి ఇన్నింగ్స్ స్కోరు భారీగా ఉన్నప్పుడు ఈ రెండింటికీ పొంతన కుదరదు.

సరిచూసుకోవడం కష్టమేం కాదు. ఇన్నింగ్స్ ఆఖరి బంతి దగ్గర పార్ ఎంతుందో చూడండి. టార్గెట్‌కి సరిగ్గా ఒకటి తక్కువ ఉండాలి. టార్గెట్టే కనిపిస్తే ఆ యాప్‌కి పార్‌కీ టార్గెట్‌కీ తేడా తెలియదన్నమాట. 2003 ప్రపంచకప్‌లో డర్బన్‌లో దక్షిణాఫ్రికా కొంప ముంచింది ఈ ఒక్క పరుగే. 229 చేస్తే గెలిచినట్టే అనుకుని మార్క్ బౌచర్ 45వ ఓవర్ ఆఖరి బంతిని ఆపేశాడు. 229 పార్ మాత్రమే. వానకు ఆట అక్కడితో ఆగి మ్యాచ్ టై అయింది, ఆతిథ్య జట్టు ఇంటిదారి పట్టింది.

ఇంకో లోపం: టీ20లో రెండో జట్టు కనీసం 5 ఓవర్లు ఆడితేనే ఫలితం తేలుతుంది. ఈ యాప్ మొదటి ఓవర్ నుంచే పచ్చరంగులో 'ముందంజ' అని పెడుతుంది. మూడో ఓవర్లో వాన పడి ఆట రద్దయితే ఆ పచ్చరంగుకు విలువ లేదు. 2025 జులై నుంచి అంతర్జాతీయ టీ20ల్లో కుదించిన పవర్‌ప్లేను (మొదట్లో ఫీల్డింగ్ ఆంక్షలుండే ఓవర్లను) బంతుల్లో లెక్కిస్తున్నారు, 8 ఓవర్ల ఇన్నింగ్స్‌కి 2.2 ఓవర్లు, అంటే 14 బంతులు. ఈ యాప్ మాత్రం ఇంకా పూర్తి ఓవర్లలోనే చూపిస్తోంది.

2023 ఐపీఎల్ ఫైనల్ విషయంలో మాత్రం దీన్ని మెచ్చుకోవాలి. గుజరాత్ 20 ఓవర్లలో 214 చేసింది. 15 ఓవర్లంటే అందులో ముప్పాతిక వంతు, 160.5. చెన్నైకి 15 ఓవర్లకు ఇచ్చిన టార్గెట్ 171. ఓవర్లు తగ్గినా పది వికెట్లూ చేతిలోనే ఉన్నాయి కాబట్టి ఆ పై పది పరుగులు. ఆ పది ఎక్కడివని అడుగుతున్నవాళ్లకు ఈ యాప్ స్క్రీన్ చూపిస్తే సరిపోయింది.

నేను ఎక్కువగా చూసేవి వానాకాలపు మ్యాచ్‌లు, అవీ స్ట్రీమింగ్‌లో, కాబట్టి నాకు ఇది పనికొస్తోంది. హైలైట్స్‌తో సరిపెట్టుకునేవాళ్లకు అనవసరం. స్ట్రీమింగ్ వీడియో స్కోరు కన్నా అర నిమిషం దాకా వెనకబడుతుంది కాబట్టి, పెట్టుకున్న రోజే ఫోన్ సెట్టింగ్స్‌లో ఈ యాప్ నోటిఫికేషన్లలోకి వెళ్లి వికెట్, బౌండరీ అలర్ట్‌లు ఆపేసి 'మ్యాచ్ అంతరాయం' ఒక్కటే ఉంచుకోండి.