కొత్త బ్యాటరీ కొనే ముందు ఛార్జింగ్ చెక్ చేయించండి

పొద్దున కారు సెల్ఫ్ తీసుకోలేదంటే తప్పు బ్యాటరీదే అనుకుని వెంటనే డబ్బు కట్టేయకండి. మాకు జరిగింది ఇంకెవరికీ జరగకూడదని రాస్తున్నాను.

ఇంటికొచ్చి బ్యాటరీ మారుస్తామనే ఒక షాపుకి ఫోన్ చేశాం. వచ్చిన కుర్రాడు మీటరు పెట్టి, "11.8 వోల్టులే ఉంది సార్, బ్యాటరీ పోయింది" అన్నాడు. ఈ మధ్య డ్రైవింగ్‌లో బ్యాటరీ లైటు వెలిగి ఆరిపోతోందని చెప్తే, కొత్తది వేస్తే అదీ పోతుందన్నాడు. బిగించి, పాతది ఎక్స్ఛేంజ్ కింద పట్టుకెళ్లాడు. ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఒక్కసారి కూడా మీటరు పెట్టలేదు.

కొద్ది రోజులకే కొత్తదీ డౌన్. షాపువాళ్లను అడిగితే "మీ కారులో ఛార్జింగ్ ఫాల్ట్ ఉంది, వారంటీ రాదు" అన్నారు. ఆ మాట అమ్మిన రోజే చెప్పాలి కదా! చివరికి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర తేలిందేంటంటే, ఆల్టర్నేటర్‌లో (ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు తయారుచేసే భాగం) కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయి. ఇంజిన్ నడుస్తున్నా 12.1 దాటడం లేదు.

బ్యాటరీకి పెద్ద పని ఇంజిన్‌ని స్టార్ట్ చేయడమే. ఆ తర్వాత లైట్లు, ఏసీ ఫ్యాన్, కంప్యూటర్ అన్నిటికీ కరెంటు ఇచ్చేది, బ్యాటరీని మళ్లీ నింపేది ఆల్టర్నేటరే. అది ఇవ్వకపోతే ఎంత మంచి బ్యాటరీ అయినా ఖాళీ కావాల్సిందే. డాష్‌బోర్డు మీద ఆ ఎర్ర లైటు ముఖ్యంగా చెప్పేది ఛార్జింగ్ సంగతి.

కారు కొన్ని గంటలు ఆపి ఉంచాక 12.6 వోల్టులు వస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. ఇంజిన్ ఆన్ చేశాక మామూలుగా 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. హెడ్‌లైట్లు, ఏసీ వేసి కూడా చూడమనండి. 15 దాటుతుంటే వోల్టేజ్‌ని అదుపులో ఉంచే రెగ్యులేటర్ మీద అనుమానం, బ్యాటరీ ఉడికి ఉబ్బిపోతుంది. కొన్ని కొత్త కార్లలో ఛార్జింగ్‌ని కంప్యూటరే పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది, కాబట్టి ఒక్క రీడింగ్ చూసి ఆల్టర్నేటర్ మార్చమన్నా నమ్మొద్దు.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి టెస్ట్ చేస్తామంటే అస్సలు ఒప్పుకోకండి. వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిరి ఈసీయూ (కారు కంప్యూటర్) కాలిపోవచ్చు.

పాత బ్యాటరీని ఫుల్ ఛార్జ్ పెట్టి, లోడ్ టెస్ట్ (ఎక్కువ కరెంటు లాగినా వోల్టేజ్ నిలుస్తుందో లేదో చూడటం) చేశాకే ఎక్స్ఛేంజ్‌కి ఇవ్వండి. కొత్తది తీసుకోక తప్పకపోతే, బిగించాక ఇంజిన్ ఆఫ్‌లో, ఆన్‌లో వచ్చిన రెండు రీడింగులూ బిల్లు మీదే రాయించుకోండి. రేపు వారంటీ దగ్గర మాట మార్చకుండా ఉంటారు.