ఆఫీసు మెయిల్‌కు తాళం: ప్రోటాన్ మెయిల్ ఎంతవరకు పనికొస్తుంది?

ఆడిటర్ ఆఫీసులో పాన్, ఆధార్ ప్రతులు, ఫారం-16లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు రోజంతా ఈమెయిల్‌లోనే అటూ ఇటూ తిరుగుతుంటాయి. వాటిని పంపే అసిస్టెంటుకు ఎన్‌క్రిప్షన్ (సందేశాన్ని ఇతరులు చదవలేని సంకేతాలుగా మార్చడం) గురించి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. అలాంటివారి చేతికి నిశ్చింతగా ఇవ్వదగినది ఏది అని అడిగితే, నేను సందేశాలను ఎన్‌క్రిప్ట్ చేసే ఈమెయిల్ సేవ ప్రోటాన్ మెయిల్ వైపే మొగ్గుతాను.

1991లో ఫిల్ జిమర్‌మన్ రూపొందించిన ఎన్‌క్రిప్షన్ పద్ధతి పీజీపీ బలానికి ఇప్పటికీ వంక పెట్టలేం. థండర్‌బర్డ్ అనే ఈమెయిల్ సాఫ్ట్‌వేర్‌లో 2020 నుంచి ఆ సౌకర్యం అంతర్భాగంగానే వస్తోంది. అయితే సొంత కీ (డిజిటల్ తాళంచెవి) తయారు చేసుకోవడం, అవతలివారి పబ్లిక్ కీ (వారికి పంపే సందేశానికి తాళం వేసేది) తెప్పించుకోవడం, అది నిజంగా వారిదేనని నిర్ధారించుకోవడం, తన ప్రైవేట్ కీని (తాళం తీసేది) భద్రంగా దాచుకోవడం వంటి పనులు పంపేవారికే కాక అందుకునే క్లయింటుకూ తప్పవు. రిటర్నుల గడువు ముంచుకొచ్చే వేళ ఏ బట్టల వ్యాపారీ అందుకు ఒప్పుకోడు. జీమెయిల్‌లోని కాన్ఫిడెన్షియల్ మోడ్ ఫార్వర్డ్‌ను, ప్రింటును ఆపుతుందే తప్ప అది ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (పంపినవారు, అందుకున్నవారు తప్ప మధ్యలోని సేవా సంస్థ కూడా చదవలేని ఏర్పాటు) కాదు.

స్విట్జర్లాండ్‌లో 2014లో మొదలైన ప్రోటాన్ ఆ కీల బాధ్యతను తానే తీసుకుంటుంది. ఇద్దరికీ ప్రోటాన్ ఖాతాలుంటే ఏ మీటా నొక్కనక్కర్లేదు. క్లయింటుది జీమెయిల్ అయితే, మెయిల్ రాసే విండో అడుగున ఉన్న తాళం గుర్తు నొక్కి పాస్‌వర్డ్ పెట్టాలి. ఆయనకు ఒక లింకు అందుతుంది, పాస్‌వర్డ్ కొట్టి చదువుకుని ఆ పేజీలోంచే జవాబు కూడా రాయవచ్చు. మనం గడువు మార్చకపోతే 28 రోజుల తర్వాత ఆ సందేశం తెరుచుకోదు. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే ఏఐఎస్ (ఏడాది ఆదాయ, లావాదేవీల వివరాల పట్టిక) పీడీఎఫ్‌ను పాన్, పుట్టిన తేదీ కలిపి తెరిచే అలవాటున్న మనవాళ్లకు ఇది వింతగా తోచదు. ఇక్కడా అదే పాస్‌వర్డ్ పెట్టేద్దామని సిబ్బంది అంటారు, అది మాత్రం కూడదు. ఆ రెండు వివరాలున్న ప్రతులు ఎన్ని జిరాక్సు షాపుల్లో మిగిలిపోయాయో ఎవరికెరుక! వేరే పాస్‌వర్డ్ పెట్టి, దాన్ని ఫోన్‌లో చెప్పాలి. వెనువెంటనే మరో మెయిల్‌లో పంపడమంటే తాళంచెవిని తలుపుకే వేలాడదీయడం.

లోపాలూ ఉన్నాయి. సబ్జెక్ట్ లైనుకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ వర్తించదు కాబట్టి, అక్కడ క్లయింటు పేరు, నోటీసు వివరాలు రాయకుండా ‘మీ పత్రాలు’ అని సరిపెట్టాలి. జర్మనీకి చెందిన టుటా అనే ఈమెయిల్ సేవ సబ్జెక్టును కూడా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది గానీ, పీజీపీ వాడేవారితో దానికి పొసగదు. తాళం గుర్తు నొక్కడం మరిచి జీమెయిల్‌కు పంపితే అది మామూలు మెయిలే; ప్రోటాన్ అన్న పేరు చూసి ధీమాగా ఉండే ఉద్యోగికి ఈ సంగతి ముందే గట్టిగా చెప్పాలి. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఖాతా పాస్‌వర్డ్ మరిచిపోవడం. రికవరీ ఫ్రేజ్ (ఖాతాను తిరిగి పొందడానికి ఇచ్చే పదాల వరుస) వంటిదేదీ ముందే తీసిపెట్టుకోకుండా రీసెట్ చేస్తే పాత మెయిళ్లు ఇక చదవలేం, కాబట్టి ఖాతా తెరిచిన రోజే దాన్ని కాగితం మీద రాసి ఆఫీసు బీరువాలో పెట్టాలి.

తాళం సౌకర్యం ఉచిత ఖాతాలోనూ ఉంది, పరీక్షించడానికి అది చాలు. ఆఫీసు సొంత డొమైన్ పేరుతో చిరునామాలు కావాలంటే మాత్రం డబ్బు కట్టాలి.